పటంలో ఏం గీయకూడదో ముందు తేల్చుకోవాలి

విదేశీ విశ్వవిద్యాలయాల నుంచి మా బృందానికి వచ్చే ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే మూసలో ఉంటాయి. పాతికమంది విద్యార్థులు, ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు, రెండు వారాల గడువు, నీటి ఒడ్డున ఒక బస్తీ లేదా ఒక పల్లె, చివరి రోజున ప్రదర్శన. విజయవాడ, గుంటూరు పరిసరాల్లో ల్యాండ్‌స్కేప్ ప్లానింగ్ (నేల, నీరు, కట్టడాల అమరికను కలిపి ప్రణాళిక వేయడం) వర్క్‌షాపుల నిర్వహణలో కొన్నేళ్ళుగా పాలుపంచుకుంటున్నాను కాబట్టి ఆ ఉత్తరాలకు మొదటి జవాబు సాధారణంగా నేనే రాస్తాను. అది వారికి కొంత నిరుత్సాహం కలిగిస్తుందని తెలిసినా, వారు గీయబోయే పటాల్లో ఏమేమి ఉండకూడదో స్థానికులతో కలిసి తేల్చుకున్నాకే కొలతల టేపు బయటికి తీయాలని అందులో స్పష్టంగా రాస్తాను. ఈ షరతు ఎందుకు పెట్టవలసి వచ్చిందో, దాని చుట్టూ మిగతా ఏర్పాట్లు ఎలా సాగుతాయో, ఇలాంటి పనికి పూనుకోవాలనుకునే అధ్యాపకులకూ విద్యార్థి సంఘాలకూ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

విదేశీ విద్యార్థులను ఈ ప్రాంతం ఆకర్షించడంలో ఆశ్చర్యమేమీ లేదు. కృష్ణా నది మీద 1850లలో కట్టిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ, అక్కడి నుంచి విజయవాడ నడుమగా చీలిపోయే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు, అవతలి ఒడ్డున ఉండవల్లి గుహలు, ఆ పక్కనే ఏడాది పొడుగునా పంటలు పండే జరీబు భూములు, నది మధ్యలో లంకలు, ఊళ్ళో కొండవాలుల మీద మెట్లు మెట్లుగా పేర్చినట్టున్న ఇళ్ళు. మనుషులూ నీళ్ళూ కొండలూ ఒకరి చోటులోకి ఒకరు చొరబడి బతుకుతున్న ఇలాంటి నేల ఒక పాఠశాల లాంటిదే. పైగా 2000 అక్టోబరులో ఫ్లారెన్సులో కుదిరిన ఐరోపా ల్యాండ్‌స్కేప్ ఒప్పందం, ఒక ప్రదేశాన్ని అక్కడి ప్రజలు ఎలా గ్రహిస్తారన్నది కూడా ఆ ప్రదేశపు నిర్వచనంలో భాగమేనని అంగీకరించింది. అక్కడి నుంచి వచ్చే విద్యార్థులకు స్థానికులను అడగాలన్న సంగతి కొత్తగా నేర్పనక్కరలేదు. ఎప్పుడు అడగాలో, ఏది అడగకూడదో మాత్రం ఇక్కడివారే చెప్పాలి.

ఎప్పుడన్న ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ సగం వర్క్‌షాపులు అక్కడే దెబ్బతింటాయి. వారికి సెలవులు దొరికేది జూన్ చివరి నుంచి సెప్టెంబరు వరకు. మనకు అది వానలు, నాట్లు, వరద భయం కలిసి వచ్చే కాలం. వేసవిలో రమ్మంటే ఎండ సంగతి అటుంచి, సాగుకు నీళ్ళు ఆపేశాక కాలువలు అడుగు బయటపడి చెత్తతో ఉంటాయి కాబట్టి, చూసిన విద్యార్థి వాటిని మురుగు గుంటలుగానే లెక్కకట్టి, వాటి మీద పార్కింగ్ స్థలాలు ప్రతిపాదిస్తాడు. నవంబరు బాగానే ఉంటుందనిపించినా అది తుపానుల నెల. గుంటూరు వైపు మిరప ఊళ్ళలో జనవరి నుంచి కోతలు మొదలైతే కూలీలూ రైతులూ కల్లాల దగ్గరే ఉంటారు, సమావేశానికి వచ్చేది పని లేని పెద్దమనుషులు మాత్రమే. ఇన్నీ తీసివేయగా విజయవాడ బస్తీల వరకు సంక్రాంతి దాటిన తరవాత ఫిబ్రవరి సగం దాకా మిగులుతుంది. విదేశీ విశ్వవిద్యాలయం తన విద్యా క్యాలెండరును ఈ నాలుగైదు వారాలకు సర్దుకోలేకపోతే ఆ ఏటికి మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక గీయకూడని వాటి సంగతి. బుడమేరు ఉదాహరణగా చెబితే సులభంగా అర్థమవుతుంది. మైలవరం వైపు కొండల్లో పుట్టే ఈ వాగు వెలగలేరు రెగ్యులేటరు దాకా వచ్చాక రెండు దారులు పడుతుంది. మళ్ళింపు కాలువ గుండా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసేది ఒకటి, సింగ్‌నగర్ మీదుగా ఎనికేపాడు వైపు సాగి చివరికి కొల్లేరు చేరే పాత ప్రవాహం ఇంకొకటి. కృష్ణకు పెద్ద వరద వచ్చినప్పుడు నది మట్టం పెరిగి మళ్ళింపు కాలువ నీటిని తనలోకి రానివ్వదు. 2024 ఆగస్టు చివర్లో, సెప్టెంబరు మొదట్లో జరిగింది అదే. ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ రోజుల్లో మళ్ళింపు కాలువ కట్టలకు గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ఆ తరవాత ఆక్రమణల తొలగింపు గురించి ప్రభుత్వం నుంచి మాటలు వినిపించడంతో, బుడమేరు ఒడ్డున పట్టా లేకుండా ఇల్లు కట్టుకున్న కుటుంబాలకు వరద ఎంత భయమో కొలతల టేపూ అంతే భయమైంది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. వరద తరవాతి సంవత్సరం ఒక బస్తీలో మా విద్యార్థులు ఒక గోడ మీద మిగిలిన బురద చార ఎత్తు కొలుస్తుంటే, ఇంటాయన బయటికి వచ్చి ఏమీ అనకుండా గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. టేపు జాపడానికి చోటు ఇవ్వలేదు. మా అమ్మాయి ఒకరు నచ్చజెప్పబోతే ఆయన అడిగింది ఒక్కటే: "ఈ లెక్క ఎవరికి ఇస్తారమ్మా?" ఆ ప్రశ్నకు మా దగ్గర కాగితం మీద సిద్ధంగా ఉన్న జవాబు ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోయి ఉంటే ఆ వీధిలో మా పని ఆ ఉదయమే ముగిసేది. అంతకుముందు మరెవరో బృందం వచ్చి, డ్రోన్‌తో తీసిన ఫోటో మీద ఇళ్ళకు వరస నంబర్లు వేసి, తమ దేశం వెళ్ళాక దాన్ని అందరికీ కనిపించేలా ఇంటర్నెట్‌లో పెట్టిందని బస్తీలో అందరికీ తెలుసు. పెట్టినవారికి అది ప్రాజెక్టు షీటు, ఇక్కడివారికి మాత్రం నోటీసుల జాబితాకు చిత్తుప్రతి.

అందువల్ల ఇప్పుడు మా ఒప్పందపత్రం ఇలా మొదలవుతుంది: వాగు గట్టు మీది ఇళ్ళను విడివిడిగా చూపించకూడదు, గుంపుగా ఒక రంగులో మాత్రమే చూపించాలి, డోరు నంబరు గానీ సర్వే నంబరు గానీ ఏ షీటు మీదా ఉండకూడదు, ఎవరి ఇంట్లో ఎంత ఎత్తున నీళ్ళు నిలిచాయన్నది ఇంటి లెక్కన కాకుండా వీధి లెక్కన రాయాలి, మనుషుల ముఖాలు కనిపించే ఫోటోలు వారిని అడిగి తీసినవైనా దేశం దాటకూడదు. మొదట్లో ఒక విదేశీ అధ్యాపకుడు దీనిపై వాదనకు దిగారు. పటం ఎంత వివరంగా ఉంటే ప్రణాళిక అంత న్యాయంగా ఉంటుందన్నది ఆయన పక్షం. ఆ సూత్రం ఆయన దేశంలో నిజమే కావచ్చు, ఎందుకంటే అక్కడ ఇంటికి కాగితం ఉంటుంది. కాగితం లేనివాడి ఇంటిని కచ్చితంగా గీయడం వల్ల అతనికి ఏ మేలూ జరగదు, అతనికి కీడు తలపెట్టేవారికి మాత్రం సర్వే ఖర్చు మిగులుతుంది.

చట్టం కూడా ఈ విషయంలో కొంత దూరం మనవైపే నిలుస్తుంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన భౌగోళిక సమాచార మార్గదర్శకాల ప్రకారం, అడ్డంగా ఒక మీటరు, ఎత్తులో మూడు మీటర్ల కంటే సూక్ష్మమైన కచ్చితత్వం ఉన్న సమాచారాన్ని సొంతంగా సేకరించి దగ్గర పెట్టుకునే వీలు భారతీయ సంస్థలకే ఉంది, దాన్ని దేశంలోనే భద్రపరచాలి. డ్రోన్ల సంగతి అంతకంటే సూటిగా ఉంటుంది. విదేశీ డ్రోన్ల దిగుమతిపై 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం ఉంది కాబట్టి పెట్టెలో పెట్టుకుని వస్తే కస్టమ్స్ దగ్గరే ఆగిపోతుంది. కొండలెక్కే అలవాటున్న విద్యార్థులు వెంట తెచ్చుకునే, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలు కూడా ఇక్కడ అనుమతి లేకుండా వాడితే నేరమే. ఈ రెండూ బయలుదేరే ముందే రాసి పంపడం మరిచిపోకూడదు. వీసా ఏ తరగతిలో తీసుకోవాలో ఆతిథ్యమిచ్చే సంస్థ స్వభావాన్ని బట్టి మారుతుంది, ఆ సంస్థ విదేశీ వ్యవహారాల విభాగాన్నే అడిగి ముందుకు వెళ్ళాలి. బస విషయంలో మాత్రం అందరికీ ఒకటే నియమం. హోటలైనా హాస్టలైనా ఎవరింట్లో అతిథిగా ఉన్నా, వచ్చిన 24 గంటల్లోగా విదేశీయుల బస వివరాల ఫారం దాఖలు కావాలి. పల్లెలో ఒక కుటుంబంతో రెండు రాత్రులు గడపాలన్న కోరిక విదేశీ విద్యార్థులందరికీ ఉంటుంది, ఆ రెండు రాత్రుల కోసం ఆ ఇంటి యజమాని చేత ఆన్‌లైన్‌లో ఫారం నింపించడానికి కూర్చునేది మాత్రం మనం.

బృందాల కూర్పు గురించి ఒక మాట. ఒక్కో జట్టులో ఇద్దరు విదేశీయులు, ముగ్గురు ఇక్కడివారు ఉండాలన్నది మా పద్ధతి. ఇక్కడ ఒక చిక్కుంది. ఆర్కిటెక్చర్, ప్లానింగ్ చదివించే జాతీయ స్థాయి సంస్థల్లో విద్యార్థులు దేశం నలుమూలల నుంచి వస్తారు, వారిలో చాలామందికి తెలుగు రాదు. విదేశీ అధ్యాపకుడి దృష్టిలో అందరూ "స్థానిక విద్యార్థులే". బస్తీకి వెళ్ళాక కేరళ అబ్బాయీ జర్మనీ అమ్మాయీ ఒకే స్థాయిలో మౌనంగా నిలబడినప్పుడు గానీ సంగతి బయటపడదు. కాబట్టి ప్రతి జట్టులోనూ ఊరి డిగ్రీ కళాశాలల నుంచి, ముఖ్యంగా సోషల్ వర్క్ చదివేవారి నుంచి ఒకరిని తీసుకుంటాం. గీతలు గీయడం రాకపోయినా, ఎవరిని మామ్మగారూ అనాలో ఎవరిని అక్కా అనాలో వారికి తెలుసు. ఏ ఇంటి అరుగు మీద కూర్చోవచ్చో తెలుసు. వర్క్‌షాపు బాగా జరిగిందన్న పేరు సాధారణంగా డ్రాయింగులు వేసినవారికి దక్కుతుంది గానీ, ఈ పిల్లలు లేకపోతే ఆ డ్రాయింగుల్లో గీయడానికి ఏమీ ఉండదు.

మొదటి పని నడక. తెల్లవారి ఆరింటికి మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు బస్తీని ఒక అంచు నుంచి రెండో అంచు దాకా, గట్టు నుంచి రోడ్డు దాకా, అక్కడివారే ముందు నడుస్తుండగా నడవడం. అభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ పేరుతో ప్రపంచమంతా తెలిసిన, స్థానికులే తమ ఊరి సంగతులు చూపించి విశ్లేషించే భాగస్వామ్య పద్ధతులు 1980ల చివర్లో మన దేశపు పల్లెల్లోనే చాలావరకు రూపుదిద్దుకున్నాయన్న సంగతి విదేశీ విద్యార్థులకు చెబితే కొంత ఆశ్చర్యపడతారు. ఆ నడక, ఆ తరవాత నేల మీద గీసే పటం రెండూ ఆ కోవలోవే.

నేల మీద పటం గురించి కాస్త వివరంగా చెప్పాలి. సంక్రాంతి వెళ్ళిన వెంటనే ఇళ్ళలో ముగ్గుపిండీ రంగులూ మిగిలి ఉంటాయి. రామమందిరం ముందు ఖాళీ స్థలంలో నీళ్ళు చల్లి, తెల్లపిండితో బుడమేరు గీత మొదట గీస్తే, మిగతాదంతా ఆడవాళ్ళే పూర్తిచేస్తారు. ఇళ్ళకు చింతపిక్కలు, బోరుకు ఒక సీసామూత, కాలువకు నీలం, నీళ్ళు వచ్చిన దారికి ఎరుపు. అంతకుముందు రోజు ఒక జట్టు ఉపగ్రహ చిత్రాల ఆధారంగా నేల ఎత్తుపల్లాల నమూనా తయారుచేసి, వరద గట్టు దాటి రోడ్డు మీదుగా వీధుల్లోకి వచ్చినట్టు బాణాలు వేసి పెట్టుకుంది. ముగ్గు పటం మీద అదే బాణం గీయబోతే ఒక ముసలావిడ చేత్తో పిండిని చెరిపేసింది. "రోడ్డు మీంచి రాలేదమ్మాయ్. ముందు మరుగుదొడ్లోంచి బుడగలొచ్చాయి. తరవాత సైడు కాలవ ఎగదన్నింది. మేం రోడ్డు మీద నీళ్ళు చూసేటప్పటికే మంచం కింద నీళ్ళున్నాయి." ఆవిడ అన్నాక పక్కనున్నవాళ్ళు ఒక్కొక్కరే ఏ తూము దగ్గర ముందు వచ్చాయో, ఏ సందు చివరికి మునిగిందో చెప్పుకుంటూ ఎర్రరంగు పోశారు. బాణాలన్నీ తిరగబడ్డాయి.

దానివల్ల ప్రణాళికే మారిపోయింది. గట్టు వెంబడి మొక్కలు, నడకదారి, కూర్చునే మెట్లు అంటూ ఆ జట్టు గీసుకున్నదంతా పక్కకు పోయి, మురుగు కాలువలు బుడమేరులో కలిసే తూముల దగ్గర నీరు వెనక్కి తన్నకుండా ఆపే తలుపులు, వాటి వెనక వాననీరు తాత్కాలికంగా నిలిచేందుకు ఖాళీ స్థలాలు ముందుకు వచ్చాయి. చూడటానికి అంత అందంగా ఉండదు. ప్రదర్శనలో ఆ షీటు ముందు ఎవరూ ఎక్కువసేపు నిలబడలేదు, బస్తీవాళ్ళు తప్ప.

సమావేశాలకు ఎవరు వస్తారన్నది వేళను బట్టి ఉంటుంది. సాయంత్రం ఆరింటికి పెడితే స్థానిక నాయకులు, వారి వెనక పదిమంది మగవాళ్ళు వస్తారు, వారు చెప్పేది ఒకే మాట. ఇళ్ళలో పనులకు వెళ్ళే ఆడవాళ్ళు మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య కాస్త తీరికగా ఉంటారు. డ్వాక్రా సంఘాలను నడిపించే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) ద్వారా కబురు పెడితే ఆ వేళకు వస్తారు. వార్డు సచివాలయానికి ముందుగా తెలియజేయడం తప్పనిసరే గానీ, సచివాలయం పిలిస్తే ఏదో పథకం సర్వే అనుకుని ఆధార్ కార్డుతో వస్తారు, అందువల్ల పిలుపు మాత్రం సంఘం నుంచే వెళ్ళాలి. అంతేకాక, సగం రోజు మా పటం మీద కూర్చున్నవారికి ఆ సగం రోజు కూలి ఇవ్వాలని నా పట్టుదల. డబ్బిస్తే మనకు నచ్చేదే చెబుతారని కొందరు అభ్యంతరం చెబుతారు. ఇరవై ఏళ్ళ విద్యార్థి విమాన ఛార్జీలకు గ్రాంటు తీసుకుంటే చెడని నిజాయితీ, ఆ వీధిలో ఆవిడ కోల్పోయిన కూలి తీసుకుంటే ఎలా చెడుతుందో నాకు బోధపడదు. బడ్జెట్‌లో ఆ పద్దు మొదటే ఉండాలి, చివర్లో మిగిలితే చూద్దామంటే మిగలదు.

భోజనాల గురించి ఎక్కువ రాయను. పప్పు, పెరుగు, అరటిపండు ఎప్పుడూ కాపాడతాయి. గుంటూరు కారాన్ని సాహసంగా తీసుకునే కుర్రాడు ప్రతి బృందంలోనూ ఒకడు ఉంటాడు, వాడి కోసం ఒక రోజు ఖాళీ వదలాలి.

ప్రతిపాదనలను బస్తీ ముందు పెట్టే రోజే అసలు పరీక్ష, అది చివరి రోజు కాకూడదు, మధ్యలో రావాలి. ఒకసారి ఒక జట్టు వాగు పక్కన ఖాళీగా ఉన్న పల్లంలో చిత్తడి ఉద్యానవనం ప్రతిపాదించింది. రెల్లు, తామరలు, పక్షులు, చెక్క వంతెన. మురుగు నీటిని మొక్కల వేళ్ళ ద్వారా శుద్ధి చేయడం చాలా దేశాల్లో నిరూపితమైన పద్ధతే. విన్నవాళ్ళలో ఒకాయన లేచి, "బాబూ, మళ్ళీ నీళ్ళు నిలబెడతారా? దోమలకి ఎవరు జవాబు చెబుతారు?" అని అడిగాడు. వెనక నుంచి ఇంకొకరు గుర్రపుడెక్క ఎవరు తీస్తారని అడిగారు. ఏడాదికొకసారి కాంట్రాక్టరు వచ్చి తీసి గట్టు మీదే పోసి వెళ్ళే గుర్రపుడెక్కను చూస్తూ బతికేవారికి, నిర్వహణ ఖర్చు లేని మొక్కల ఉద్యానవనం నమ్మశక్యంగా ఉండదు. ఆ రోజు నుంచి ప్రతి జట్టూ తన షీటు మీద ఒక మూల, ఈ పని ఐదో ఏట ఎవరు చేస్తారు, ఎవరి డబ్బుతో చేస్తారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు రాయాలని నియమం పెట్టాం. చాలా అందమైన షీట్లు ఆ మూల దగ్గర ఆగిపోతాయి.

చివరి రోజు ఫ్లెక్సీ, వేదిక, శాలువాలు, జ్ఞాపికలు నాకు గిట్టవు. వాటిని తప్పించడం నా చేతుల్లో ఎప్పుడూ ఉండదు. అమెరికా పరిశోధకురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రజా భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించి, అట్టడుగు రెండు మెట్లనూ భాగస్వామ్యం కాదని తేల్చింది. బస్తీవాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టి, వారికి అర్థం కాని భాషలో నలభై నిమిషాలు స్లైడులు చూపించి, చివర్లో చప్పట్లు కొట్టించుకోవడం ఏ మెట్టు మీదికి వస్తుందో వేరే చెప్పనక్కరలేదు. ఇప్పుడు ప్రదర్శన రెండు భాగాలు. కళాశాలలో జరిగేది అధ్యాపకుల మార్కుల కోసం. బస్తీలో జరిగేది తెలుగులో, ఇక్కడి విద్యార్థులే మాట్లాడుతూ, వేదిక లేకుండా, షీట్లు గుడ్డమీద ముద్రించి తాడుకు వేలాడదీసి జరుగుతుంది. గుడ్డ ఎందుకంటే వానకు తడిసినా ఆరబెట్టుకోవచ్చు, మడిచి బీరువాలో పెట్టుకోవచ్చు.

ఆ గుడ్డ పటాల్లో మొదటి ప్రతి మహిళా సంఘం దగ్గర ఉంటుంది. రెండోది, తూములు, నీటి దారులు మాత్రమే ఉండి ఇళ్ళు లేనిది, వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శికి ఇస్తాం. విదేశీ విశ్వవిద్యాలయానికి వెళ్ళేది మూడోది, అందులో ఏముండాలో సంఘం చూసి ఒప్పుకున్నాకే వెళుతుంది. జూన్‌లో, వానలకు ముందు, ఇక్కడి విద్యార్థులు మళ్ళీ వెళ్ళి ఆ తూములు పూడిక తీసి ఉన్నాయో లేదో సంఘంతో కలిసి చూసి వస్తారు. విదేశీయులు ఆ పూటకు వీడియో కాల్‌లో ఉంటారు, ఉండని సంవత్సరాలూ ఉన్నాయి.

రాబోయే సంక్రాంతి తరవాత కొండవీటి వాగు మీద పని చేద్దామని ఒక బృందం అడుగుతోంది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు ఆ వాగు నీరు నదిలోకి దిగలేక వెనక్కి తన్ని పొలాలు ముంచేది, ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల పంపులు 2018లో పెట్టిన తరవాత పరిస్థితి ఎలా మారిందో రైతుల నోట వినాలని వారి ఉద్దేశం. రాజధాని భూసమీకరణ జరిగిన ప్రాంతపు ఊళ్ళు కాబట్టి అక్కడ సర్వే నంబరు మాట ఎత్తితేనే మనుషులు రెండు పక్షాలవుతారు. ఒప్పందపత్రంలో ఆ ఊళ్ళకు తగినట్టు ఏమేమి మార్చాలో చర్చించడానికి వచ్చే నెల ఉండవల్లి వెళుతున్నాం. పూలు కోసి విజయవాడ మార్కెట్టుకు పంపేదాకా ఎవరూ దొరకరని, ఎనిమిది దాటాక రమ్మని రైతులు కబురు పెట్టారు.